ఇంటి కంప్యూటరునకు వేఱొక కావలి వలయునా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో నేడు పెక్కు గృహములయందు కంప్యూటరు చేరియున్నది. 2020 వ సంవత్సరమున కరోనా వ్యాధివలన బడులు మూతపడి పాఠములు తెరమీదికి వచ్చినప్పుడు కొన్నవారు కొందఱు. బిడ్డ ఇంజనీరింగు చదువునకు చేరినప్పుడు కొన్నవారు మఱికొందఱు. కొన్ననాడే అంగడివాడు "అమ్మా, యాంటీవైరస్ కూడ వేయమందురా?" యని యడుగును. వలదన్నచో ఏమి కీడు మూడునో యను భయము. ఔనన్నచో బిల్లులో మఱికొన్ని వందల రూపాయలు. అంతటితో పోదు. ఏడాది తిరుగగనే తెరమీద ఎఱ్ఱని అక్షరములతో "మీ రక్షణ గడువు ముగిసినది" యను హెచ్చరిక పొడసూపును. దాని ప్రక్కనే "మీ కంప్యూటరులో వేయికి పైగా దోషములున్నవి, శుభ్రపఱచుట కిచ్చట నొక్కుడు" అను మఱియొక ప్రకటన. పాలవాని లెక్కయు, కిరాణా పద్దును, బడి ఫీజును వ్రాసికొను గృహిణి ఈ వ్యయమును ఏ పద్దుక్రింద వ్రాయవలెను? అవసరమా, ఆడంబరమా, లేక వట్టి భయమునకు చెల్లించు కప్పమా? ఈ సంగతినే మన సోదరీమణులతో కొంచెము నిదానముగ విచారింపదలచితిని.

వైరస్ అనగా జీవముగల పురుగు కాదు. ఎవరో దురుద్దేశముతోనో చిలిపితనముతోనో వ్రాసిన ఆజ్ఞల వరుస యది. ఒక కంప్యూటరునుండి మఱియొకదానికి తన ప్రతిని తానే వ్రాసికొనుచు ప్రాకుటచే దానికా పేరు వచ్చినది. మన యిండ్లలోని కంప్యూటరుల పూర్వజులైన ఐ.బి.ఎం. తరహా యంత్రములకు ప్రాకిన తొలి వైరస్ 1986 లో లాహోరు నగరమున పుట్టినది. అచ్చట కంప్యూటరుల దుకాణము నడుపుచుండిన ఫారూఖ్ ఆల్వీ సోదరు లిద్దఱు, బాసిత్, అంజద్ అనువారు, తమ ప్రోగ్రామును దొంగతనముగ నకలు చేయువారిని పట్టుకొనుటకై దానిని వ్రాసితిమని చెప్పిరి. అందులో తమ పేరులు, చిరునామా, టెలిఫోను నంబరులు సయితము చేర్చిరి! దానికి 'బ్రెయిన్' అని పేరు. నేటి దొంగల కంతటి మర్యాద లేదు.

రోగము పుట్టినచోట మందుల అంగళ్లు పుట్టుట సహజము. 1991 లో నాటి మదరాసు నగరమున కె7 అను సంస్థ వెలసినది. పూనాలో కాల్‌క్యులేటరులు బాగుచేయు చిన్న దుకాణము పెట్టుకొనిన కైలాస్ కాట్కర్ గారు, తమ సోదరుడు సంజయ్ గారు వ్రాసిన ప్రోగ్రామును ఆ దశకముననే అమ్మ మొదలిడిరి. అదియే నేటి క్విక్ హీల్. ఈ సంస్థలను నిందించుట నా యుద్దేశము కాదు. ఆనాడు వాని యవసరము నిజమైనదే. విండోస్ అను మూలవ్యవస్థతో ఏ కావలియు వచ్చెడిది కాదు. క్రొత్త కంప్యూటరు తలుపులు బిగింపని యిల్లువలె మన చేతికి వచ్చెడిది; తలుపులు మనమే కొనవలసియుండెను. అంగడివాని ప్రశ్న ఆ దినములనాటిది. కాలము మాఱినను ప్రశ్న మాఱలేదు.

మాఱినదేమో చూతము. 2009 లో విండోస్ కర్తలైన మైక్రోసాఫ్టు వారే యొక యాంటీవైరస్‌ను వెల లేకుండ నిచ్చిరి. 2012 లో విండోస్ 8 వెలువడినప్పుడు దానిని వ్యవస్థలోనే కలిపివేసిరి. 2015 నాటి విండోస్ 10 లోను, 2021 నాటి విండోస్ 11 లోను అది పుట్టుకతోడనే యున్నది. డిఫెండరు అని దాని పేరు. దానికై మనము వేఱుగ పైకము చెల్లింపనక్కఱలేదు, ఏటేట గడువు పొడిగింపనక్కఱలేదు. అది మూడు విధముల కాపలా కాయును. తెలిసిన వైరస్‌ల గుర్తుల పట్టికతో వచ్చిన ప్రతి ఫైలును పోల్చిచూచును. గుర్తు దొరకకున్నను నడవడిని కనిపెట్టును. అనగా ఏదైన ప్రోగ్రాము అకస్మాత్తుగ వందల ఫైలులను తిరుగవ్రాయ మొదలిడినచో అనుమానించును. అనుమానము తీరనప్పుడు ఇంటర్నెట్టుద్వారా మైక్రోసాఫ్టు వారి పెద్ద యంత్రముల నడిగి తెలిసికొనును.

తొలిదినములలో ఈ కావలివాడు మందకొడి యని పేరు పడినమాట నిజము. జర్మనీ దేశమున మాగ్దెబుర్గ్ నగరమునందు ఏవీ-టెస్ట్ అను పరీక్షాశాల కలదు. ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ నగరమున ఏవీ-కంపారటివ్స్ అను మఱియొకటి. ఇవి వివిధ సంస్థల యాంటీవైరస్‌లను తీసికొని, నిజమైన వైరస్‌లను వానిమీదికి వదలి మార్కులు వేయుచుండును. ఒకప్పుడు ఆ పట్టికలలో అడుగున నుండిన డిఫెండరు గడచిన కొన్ని యేండ్లుగ పైవరుసలలో, వెలపెట్టి కొనువాని సరసనే నిలుచుచున్నది. కావున విండోస్ 11 గల సామాన్యగృహమున, దానిని ఎప్పటికప్పుడు నవీకరించుకొనుచున్నంతవఱకు, వేఱొక యాంటీవైరస్ కొనుట అవసరము కాదని నా యభిప్రాయము. ఉన్నదో లేదో చూచుకొనుటయు సులభమే. ప్రారంభపు మీటనొక్కి 'విండోస్ సెక్యూరిటీ' యని వెదకినచో ఒక కవచపు బొమ్మ కనబడును. దానిమీద ఆకుపచ్చని గుర్తున్నచో కావలి మేల్కొనియున్నట్లు.

"ఒకటికి రెండున్నచో మఱింత భద్రము కదా" యని కొంద ఱందురు. బియ్యపు డబ్బాలో వేపాకు రెండు గుప్పెళ్లు వేసినను నష్టము లేదు గాని, ఒక వాకిట ఇద్దఱు కావలివాండ్రు నిలిచినచో ఒకనినొకడు దొంగ యని పట్టుకొందురు. రెండు యాంటీవైరస్‌లు ఒకే ఫైలును ఒకేసారి తెఱచిచూడబోయి కంప్యూటరును నత్తనడక నడిపించును. అందుచేతనే క్రొత్తది చేరగనే డిఫెండరు తానే ప్రక్కకు తొలగును. దాని గడువు తీరి పనిచేయుట మానినప్పుడు మరల లేచి కూర్చుండును. ఎఱ్ఱని అక్షరముల హెచ్చరిక చూచి గుండెలు బాదుకొనువారు ఈ యొక్క సంగతి యెఱిగిన చాలును. గడువు మీఱిన దానిని పూర్తిగ తొలగించినచో తలుపు తెఱచియుండదు; పాత కావలివాడు వచ్చి నిలుచును.

ఉచితముగ వచ్చు కావలివాండ్ర సంగతి మఱియు విచారింపదగినది. అవాస్ట్ అను ప్రఖ్యాతసంస్థ తన యాంటీవైరస్‌ను కోట్లమందికి వెల లేకుండ నిచ్చినది. ఇంటివారు ఏయే పుటలు చూచుచున్నారో ఆ సమాచారమును జంప్‌షాట్ అను తన యనుబంధసంస్థద్వారా వర్తకులకు అమ్ముకొనుచున్నదని 2020 జనవరిలో పత్రికలు బయటపెట్టినవి. జంప్‌షాట్ మూతపడెను. 2024 లో అమెరికా ప్రభుత్వపు వర్తకసంఘము అవాస్ట్‌చేత 1 కోటి 65 లక్షల డాలర్లు కట్టించెను. వాకిట కావలి యుంచుకొన్నది ఇంటిగుట్టు కాపాడుటకే కదా! ఆ గుట్టునే కావలివాడు సంతలో అమ్మినచో దొంగకును వానికిని భేదమేమి?

ఇక శుభ్రపఱచెద మను ప్రోగ్రాముల మాట. యాంటీవైరస్ విషయమున ఇరువైపుల వాదమునకు తావున్నది గాని, వీని విషయమున నాకట్టి సందేహము లేదు. ఇవి యేమి చేయునని చూడగా, రిజిస్ట్రీ యను లోపలి పట్టికనుండి పాతపంక్తులను తొలగించును. ఆ పంక్తు లున్నందువలన బరువు లేదు, తీసినందువలన వేగము రాదు. కావలసినది యొకటి పొరబాటున పోయినచో కంప్యూటరే లేవకపోవచ్చును. ఇట్టివానిని తాము సమర్థింపమని మైక్రోసాఫ్టు వారే చెప్పియున్నారు. లేని దోషములను వేలకొలది చూపి, బెదరించి కొనిపించు ప్రోగ్రాములను అవాంఛనీయములుగ నెంచి తొలగించుటకు 2018 మార్చి నెలనుండి డిఫెండరునకే నేర్పిరి.

బెదరింపు ఎంతటి పెద్ద వర్తకమో తెలియుటకు అమెరికాలో జరిగినది చెప్పెదను. ఆఫీస్ డిపో యను పెద్ద దుకాణముల సంస్థ కంప్యూటరులను ఉచితముగ పరీక్షించెద మని పిలిచెడిది. "కంప్యూటరు మాటిమాటికి ఆగిపోవుచున్నదా? కంప్యూటరు మందగించినదా?" యని నాలుగు ప్రశ్నలు వేయుదురు. ఏ యొక్కదానికి ఔనన్నను వైరస్ గుర్తులు కనబడినట్లు ఆ ప్రోగ్రాము చూపెడిది; నిజమైన పరీక్షతో దానికి నిమిత్తము లేదు. ఆ మీదట వందల డాలర్ల మరమ్మతులు. 2019 లో ఆ సంస్థయు, ఆ ప్రోగ్రాము నిచ్చిన సపోర్ట్.కామ్ సంస్థయు కలిసి 3 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లింపవలసివచ్చినది. 2024 లో రీఇమేజ్, రెస్టోరో అను మఱి రెండు సంస్థలు ఇట్టి అభియోగముమీదనే 2 కోట్ల 60 లక్షల డాలర్లు కట్టినవి. పల్లెలలో సోదె చెప్పువారు "నీ యింట దోషమున్నదమ్మా" యని ప్రారంభించుట మన మెఱిగినదే. సోదెమ్మ చేట బియ్యముతో పోవును.

పేరుపొందిన శుభ్రకారిణులు కూడ నిరపాయములు కావు. లండను నగరమున పుట్టిన సీ-క్లీనర్ అను ప్రోగ్రామును ఎందఱో నమ్మిరి. 2017 లో దుండగులు ఆ సంస్థ యంత్రములలోనికే చొరబడి, అచ్చటనుండి వెలువడు ప్రతిలోనే విషము కలిపిరి. సెప్టెంబరులో గుట్టు బయటపడునప్పటికి సుమారు 22 లక్షల 70 వేల కంప్యూటరులకు ఆ ప్రతి చేరియుండెను. ఇల్లు ఊడ్చుటకు తెచ్చిన చీపురులోనే తేలు!

మన పట్టణములలో కంప్యూటరు మందగించుటకు నిజమైన కారణములు వేఱు. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు ప్రసిద్ధమైన ఊరు. మిల్లుల చెంత గాలిలో ఊకపొడి యెగురుచుండును. సూర్యాపేట, కోదాడలు హైదరాబాదునుండి విజయవాడకు పోవు రాచబాటమీద నున్నవి, దారిదుమ్మునకు కొదువలేదు. ఈ పొడి యంతయు కంప్యూటరులోని చిన్న పంకాలో చిక్కి, పొరలుకట్టి, గాలి ఆడనీయదు. పైన నల్లగొండ సీమ వేసవి. లోపలి యంత్రము వేడెక్కినప్పుడు తనను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. దీనికి ఏ ప్రోగ్రామును మందు కాదు. కంప్యూటరును ఆర్పి, తీగను గోడనుండి ఊడదీసి, మెత్తని కుంచెతో గాలిరంధ్రములు తుడువవలెను. పెట్టెకంప్యూటరు తెఱచినప్పుడు పంకా గిరగిర తిరుగకుండ వ్రేలితో పట్టుకొని దులుపవలెను. తడిగుడ్డ పనికిరాదు. ల్యాప్‌టాపును పఱుపుమీద పెట్టి వాడు అలవాటు పిల్లలకు మాన్పించినచో సగము వేడి తగ్గును.

రెండవ కారణము పాత తరహా హార్డుడిస్కు. అందులో పళ్లెమువంటి దొకటి తిరుగుచుండును గనుక వెదకుటకే కాలము పట్టును. దానికి బదులు ఎస్.ఎస్.డి. యను క్రొత్తతరహాది వేయించినచో ఆఱేడేండ్ల కంప్యూటరు సయితము చుఱుకుగ లేచును. రెండు మూడేండ్లు యాంటీవైరస్‌నకు పెట్టు పైకమును దీనికి మళ్లించుట మేలు. నిండిపోయిన స్థలము ఖాళీచేయుటకు విండోస్ సెట్టింగులలో 'స్టోరేజ్' అను చోట పారవేయదగిన ఫైలుల పట్టిక కనబడును; నెలకొకసారి చూచినచో చాలును. అందులో 'డౌన్‌లోడ్స్' అనుదానికి ఎదుట గుర్తు పెట్టకుడు. పిల్లల హాలుటికెట్లు సాధారణముగ అచ్చటనే యుండును.

వెలపెట్టిన కావలి యక్కఱలేదన్నంతమాత్రమున భయమే లేదనుట కాదు. భయము వేఱుదారిని వచ్చుచున్నది. మొదటి దారి పెన్‌డ్రైవు. దరఖాస్తు అచ్చువేయించుటకు జిరాక్సు దుకాణమునకు తీసికొనిపోయిన పెన్‌డ్రైవు అచ్చటి కంప్యూటరులో నూఱుమంది పెన్‌డ్రైవులు పెట్టినచోటనే పెట్టబడును. ఇంటికి రాగానే అందులోని ఫోల్డరులన్నియు మాయమై, బాణపుగుర్తుల బొమ్మలు మాత్రము మిగులును. ఊఱగాయ జాడీలో తడిగరిట పెట్టరాదని కోడలికి చెప్పు అత్తగారు, ఊరెల్ల తిరిగివచ్చిన పెన్‌డ్రైవును పరీక్షింపక పెట్టరాదని మనుమనికిని చెప్పవలెను. దానిమీద కుడిమీట నొక్కినచో డిఫెండరుతో పరీక్షించు వరుస కనబడును. అచ్చు వేయింపవలసిన కాగితమును పెన్‌డ్రైవున గాక ఫోనునుండి పంపుట మఱియు మేలు.

రెండవది ఇంతకంటె చెడ్డది. అసలు విండోస్ వెల యెక్కువ యని నకలు విండోస్ వేయించుకొనుటయు, వెలగల ప్రోగ్రాములను 'క్రాక్' అను దొంగతాళపుచెవితో తెఱచుటయు మన యూళ్లలో వింత కాదు. ఆ దొంగతాళపుచెవి పనిచేయవలెనన్నచో ముందుగ డిఫెండరును ఆర్పివేయుమని అందులోనే వ్రాసియుండును. కావలివానిని పంపివేసి అపరిచితునికి తలుపు తెఱచుట! స్టాప్ అనియు, డి.జె.వి.యు. అనియు పిలువబడు తాళపువైరస్ ఈ దారినే ఎన్నో గృహములలో ప్రవేశించినది. అది యింటి ఫొటోలను, పత్రములను చదువరాని లిపిలోనికి మార్చి, తిరిగి యిచ్చుటకు డాలర్లు కోరును. అమ్మాయి పెండ్లి ఫొటోలు, అత్తమామల తుదిరోజుల చిత్రములు, పట్టాదారు పాసుపుస్తకపు నకళ్లు పోయిన పిమ్మట ఎంత వెలగల యాంటీవైరస్ కొన్నను అవి తిరిగిరావు.

నవీకరణము చేయమని కంప్యూటరు కోరినప్పుడు "తరువాత" యను మీట నొక్కుట మూడవదారి. 2017 మే 12 వ తేదీన 'వన్నక్రై' యను తాళపువైరస్ ప్రపంచమంతట చెలరేగి, ఇంగ్లండులో ఆసుపత్రులను, మన ప్రక్కన ఆంధ్రప్రదేశములో కొన్ని పోలీసుకార్యాలయముల కంప్యూటరులను సయితము పట్టినది. అది దూరు కంతను పూడ్చు నవీకరణమును మైక్రోసాఫ్టు వారు మార్చి 14 వ తేదీననే వెలువరించియుండిరి. రెండుమాసముల యశ్రద్ధకు అంతటి ఫలితము. మన పట్టణములకు విద్యుత్తు పంచు దక్షిణమండల సంస్థతో సహా ఉభయరాష్ట్రముల విద్యుత్ పంపిణీసంస్థల వెబ్‌సైటులు 2019 ఏప్రిల్ చివర ఇట్టి తాళపువైరస్ దాడికి లోనై నిలిచిపోయినవి. వేఱొకచోట దాచిన ప్రతులుండుటచే మరల నిలబెట్టిరి.

ఈ సందర్భమున విండోస్ 10 గలవారికి ఒక ముఖ్యవిషయము. 2025 అక్టోబరు 14 తో దానికి సామాన్యనవీకరణములు ఆగిపోయినవి. కరోనాకాలమున వాడినవి కొన్నవారి కంప్యూటరులలో విండోస్ 11 ఎక్కనివి కలవు. మైక్రోసాఫ్టు ఖాతాతో పేరు నమోదుచేసికొనినవారికి 2026 అక్టోబరు 13 వఱకు రక్షణనవీకరణములు దొరకునట్లు ఏర్పాటు చేసిరి. విండోస్ 7 నే పట్టుకొని వ్రేలాడువారు మాత్రము ఆ కంప్యూటరుమీద బ్యాంకుపని చేయకుండుట మంచిది. కూలిన గోడకు క్రొత్తతాళము వేసి లాభములేదు.

అన్ని యిండ్లకు ఒకే మాట చెప్పుటయు తగదు. ఇంటనే మిల్లు లెక్కలో, దుకాణపు జి.ఎస్.టి. లెక్కలో చూచుచు నాలుగైదు కంప్యూటరులు కలిపి వాడువారు, కనబడిన ఆటనెల్ల దింపుకొను పిల్లలుగలవారు వెలపెట్టి యొకటి కొన్నచో నేను వ్యర్థవ్యయమనను. అన్నింటిని ఒకచోటనుండి కనిపెట్టు సౌకర్యము, పిల్లలకు హద్దులు పెట్టు సౌకర్యము వానిలో నుండును. కొనువారు ఒకటే కొనవలెను, గడువుతేదీ క్యాలెండరుమీద వ్రాసికొనవలెను, తానే పైకము తీసికొను వరుసకు బ్యాంకుకార్డు నీయరాదు. భారతప్రభుత్వము 2017 లో నెలకొల్పిన సైబర్ స్వచ్ఛతా కేంద్రమువారు వైరస్ తొలగించు పనిముట్లు కొన్ని ఉచితముగనే యిచ్చుచున్నారను సంగతియు గుర్తుంచుకొనదగినది.

ఏ యాంటీవైరసును ఆపలేనిది మాత్రము మాటల దొంగతనము. "మైక్రోసాఫ్టునుండి మాటలాడుచున్నాము, మీ కంప్యూటరు చెడినది" యని ఫోను చేయువాడును, పెండ్లిశుభలేఖ యని వాట్సాపులో ఏ.పి.కె. ఫైలు పంపువాడును, పోలీసువేషముతో వీడియోలో బెదరించువాడును ఒక్కతెగవారే. మైక్రోసాఫ్టువారు తామై యెవరికిని ఫోను చేయరు. పైకము పోయినచో సిగ్గుపడి దాచక, ఇంటివారు కోపింతురని జంకక, ఆ క్షణముననే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఎంత త్వరగ చెప్పిన అంత త్వరగ ఆ ఖాతాను నిలుపు చేయుట కవకాశ ముండును.

యాంటీవైరస్ కొనక మిగిల్చిన పైకముతో ఒక బాహ్యడిస్కు కొని బీరువాలో నుంచుకొనుడు. నెలకొకమాఱు ఫొటోలను, సర్టిఫికేట్లను, భూమికాగితములను దానిలోనికి ప్రతి తీయుడు. పని ముగిసిన వెంటనే దాని తీగను ఊడదీయుట మఱవరాదు. తగిలించియే యుంచినచో, ఇంటిలోనికి వచ్చిన తాళపువైరస్ దానికిని తాళము వేయును.